దవడ కీలు నొప్పి: కావలి నుంచి నాకు తెలిసినంత

చెవి పోటని చెవి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన లైటు వేసి రెండు చెవులూ చూసి, చెవి ముందు వేలితో నొక్కి, నోరు తెరిచి మూయమని, "చెవికేమీ లేదమ్మా, పళ్ల డాక్టర్‌కి చూపించుకోండి" అని చీటీ రాసిచ్చారు. బయటికి రాగానే మా ఆయన మొదలుపెట్టాడు, "ఫీజు ఈయన తీసుకుని వైద్యం ఇంకొకరి దగ్గర చేయించుకోమంటాడేంది" అని. ఆయన కోపంలోనూ అర్థం ఉంది. పన్ను పుచ్చలేదు, చిగురు వాయలేదు, చల్లనీళ్లు తాగితే జివ్వుమనలేదు, ఇక పళ్ల డాక్టర్‌తో ఏం పని? కానీ చెవి డాక్టర్ చెప్పిందే నిజమైంది. ఇలా రాయడానికి కారణం, నాకు తెలిసిన వాళ్లలోనే ఈ నొప్పికి ఏళ్ల తరబడి చెవిలో చుక్కల మందు వేసుకునేవాళ్లు, తలనొప్పి బిళ్లలు మింగేవాళ్లు, అన్నిటికన్నా ఘోరం, వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసుకునేవాళ్లు ఉన్నారు.

మీ చూపుడు వేళ్లు రెండూ చెవి రంధ్రాలకి కాస్త ముందు ఆనించి నోరు మెల్లగా తెరవండి. వేళ్ల కింద గుబ్బలా ఒకటి కదులుతుంది. అదే దవడ కీలు. డాక్టర్లు టిఎంజె అంటారు, పూర్తి పేరు టెంపరోమాండిబ్యులర్ జాయింట్. చెవి గొట్టానికీ ఈ కీలుకీ మధ్య ఉన్నది పల్చటి గోడ, పైగా రెండింటికీ కబురు మోసే నరం ఒకటే. అందుకే కీలులో నొప్పి పుడితే మనకి చెవిలో పోటులా తెలుస్తుంది. కొందరికి చెవి దిబ్బడ వేసినట్టు, గుయ్‌మని మోత వచ్చినట్టు కూడా ఉంటుంది.

నేనొక రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు చూస్తాను. ఈ వ్యాపారం సగం అప్పు మీదే నడుస్తుంది, అల్లూరు, విడవలూరు వైపు రైతులు పంట పట్టాక కడతామని మేత తీసుకెళ్తారు, మధ్యలో రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చిందా, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు పడిపోయిందా, ఆ బాకీ నా కంప్యూటర్‌లో అట్టా కూర్చుని నన్నే చూస్తూ ఉంటుంది. మార్చి నెలాఖరుకి కంపెనీ వాళ్లు ఒక పక్క, రైతులు ఇంకో పక్క, మధ్యలో మా ఓనర్ టెన్షన్, ఆ టెన్షనంతా చివరికి నా టేబుల్ మీదికి. నాకు నొప్పి మొదలైంది ఆ సీజన్‌లోనే. పొద్దున్నే లేచేసరికి దవడలు బిగుసుకుపోయి ఉండేవి, కణతల దగ్గర తలనొప్పి, ఎడమవైపు నోరు తెరిచినప్పుడల్లా టక్కుమని శబ్దం. తేగలు నమలలేకపోయాను. ఆవులింత వస్తుంటే చేత్తో గడ్డం పట్టుకునేదాన్ని.

మా అమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "అమ్మణ్ణీ, ధనుర్వాతమేమో, ఎక్కడన్నా ఇనుము గుచ్చుకుందా?" ఆ తరం వాళ్లకి దవడ బిగుసుకుందంటే ముందు ఆ భయమే. ధనుర్వాతంలో దవడతో ఆగదు, మింగడం కష్టమవుతుంది, మెడ, వీపు, కడుపు కండరాలన్నీ బిగుసుకుంటాయి, అది ఆ క్షణమే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన జబ్బు. నెలల తరబడి వచ్చి పోయే దవడ నొప్పి వేరు.

ఇక పళ్ల డాక్టర్ల సంగతి. మొదట వెళ్లిన చోటు ఏ ఊరో ఎవరో రాయను. ఒక ఎక్స్‌రే తీసి, నాలుగు జ్ఞాన దంతాలూ పీకేయాలి, మీ పళ్లు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవడం లేదు, ఎత్తుగా ఉన్నవి అరిగించి క్యాపులు వేయాలి అన్నారు. పళ్లకి క్లిప్పులు వేయించుకుంటే ఇంకా మంచిదట. నొప్పి తగ్గుతుందా అని అడిగితే "ట్రై చేద్దాం" అని జవాబు. నాకు అక్కడే మనసు విరిగింది. మందు ట్రై చేయొచ్చు, పడకపోతే మానేస్తాం. అరిగించిన పన్ను మళ్లీ పెరుగుతుందా?

తర్వాత నెల్లూరులో ఒక డెంటల్ కాలేజీకి వెళ్లాను. కాలేజీ ఆసుపత్రిలో ఓరల్ మెడిసిన్ అని ఒక విభాగం ఉంటుంది, అక్కడ పీకడం, సిమెంటు పెట్టడం ఉండవు, రోగం ఏమిటో తేల్చడమే వాళ్ల పని. దవడ కీలు నొప్పికి ముందు చూపించుకోవాల్సింది అక్కడే అని నా అభిప్రాయం, లైన్‌లో కూర్చునే ఓపిక మాత్రం పెట్టుకుని వెళ్లండి. పీజీ చదువుతున్న అమ్మాయి ఒకామె స్కేలుతో నా నోరు ఎంత తెరుచుకుంటుందో మిల్లీమీటర్లలో కొలిచింది. పెద్దవాళ్లకి మామూలుగా 40 మిల్లీమీటర్లు, ఆపైన తెరుచుకోవాలి. స్కేలు లేకపోతే మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి, ఇంచుమించు లెక్క అదే. తెరిచేటప్పుడు గడ్డం నిటారుగా దిగుతోందా, ఒక పక్కకి వంగుతోందా అని చూశారు. బుగ్గ కండరం, కణత కండరం అంగుళం అంగుళం నొక్కి "ఇదేనా మీకు రోజూ వచ్చే నొప్పి?" అని అడిగారు. బుగ్గ దగ్గర ఒక చోట నొక్కగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, అదే నా 'చెవి' నొప్పి!

ఆ పైన ప్రొఫెసర్‌గారు వచ్చి వింత ప్రశ్న అడిగారు. "లెక్కలు చూసేటప్పుడు మీ పళ్లు ఎక్కడుంటాయమ్మా?" నోట్లోనే ఉంటాయి సార్ అన్నాను, అందరూ నవ్వారు. ఆయన అడిగింది పైపళ్లూ కిందిపళ్లూ తగులుకుని ఉంటాయా, ఎడంగా ఉంటాయా అని. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప మిగతా సమయమంతా పళ్లు ఒకదానికొకటి తగలకూడదట. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు కాస్త ఎడంగా ఉండాలి, నాలుక పై అంగిట్లో ముందు పళ్ల వెనక ఆనుకుని ఉండాలి, దవడకి విశ్రాంతి అంటే అది. మర్నాడు ఆఫీసులో మానిటర్ అంచుకి ఎర్ర స్టిక్కర్ ఒకటి అంటించి, దాని మీద కన్ను పడినప్పుడల్లా పళ్లు చూసుకోవడం మొదలుపెట్టాను. చూసిన ప్రతిసారీ బిగించే ఉన్నాయి. బాకీల లిస్టు తెరిస్తే ఇంకా గట్టిగా.

నిద్రలో పళ్లు కొరకడం అందరికీ తెలుసు, పిల్లలు కొరికితే కడుపులో పురుగులని మన ఇళ్లల్లో అంటారు (దానికి గట్టి రుజువేమీ లేదు). మెలకువగా ఉండి బిగించడం సంగతి ఎవరూ చెప్పరు. శబ్దం రాదు కదా, పక్కవాళ్లకి కూడా తెలియదు. ఆ ప్రొఫెసర్‌గారు నాకు రాసిచ్చిన వైద్యంలో సగం దీని గురించే.

టక్కుమనే శబ్దం గురించి కూడా చెప్పాలి, ఎక్కువమంది భయపడేది దానికే. కింది దవడ ఎముక గుండుకీ పుర్రెలోని గుంటకీ మధ్య మెత్తటి బిళ్ల ఒకటి ఉంటుంది, డిస్క్ అంటారు, బోరు పంపులో వాషర్ లాంటిది. నోరు తెరిచేటప్పుడు ఎముక గుండు మొదట తిరుగుతుంది, ఆ తర్వాత ముందుకి జారుతుంది, దాంతో పాటు డిస్క్ కూడా జారాలి. కొందరిలో ఆ డిస్క్ ముందే కాస్త ముందుకి తప్పుకుని ఉంటుంది. నోరు తెరుస్తుంటే ఎముక గుండు దాని మీదికి ఎక్కుతుంది, అప్పుడే టక్. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ ఉంటే ఉత్త శబ్దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. ఎంతోమందికి జీవితమంతా టక్కుమంటూనే ఉంటుంది. పట్టించుకోవాల్సింది ఎప్పుడంటే, రోజూ వచ్చే శబ్దం ఒక రోజు హఠాత్తుగా ఆగిపోయి, దాంతో పాటే నోరు రెండు వేళ్లకి మించి తెరుచుకోవడం మానేసినప్పుడు. డిస్క్ వెనక్కి రాకుండా అడ్డం పడిందని అర్థం. శబ్దం పోయింది, రోగం పోయిందని సంబరపడి ఇంట్లో కూర్చోకండి, అప్పుడు త్వరగా వెళ్తే పని సులువు.

ఎక్స్‌రేలో ఈ డిస్క్ కనపడదు. ఓపీజీ అనే పెద్ద ఎక్స్‌రేలో ఎముక అరిగిందా, విరిగిందా అన్నది తెలుస్తుంది, డిస్క్ చూడాలంటే ఎంఆర్ఐ కావాలి. నాకు ఎంఆర్ఐ అవసరం లేదన్నారు, మీది ఎక్కువగా కండరాల నొప్పి అని. డబ్బులు మిగిలాయని మా ఆయన అప్పుడు మాత్రం ఆ డాక్టర్‌ని మెచ్చుకున్నాడు.

ఇంతకీ ఇచ్చిన వైద్యం ఏమిటంటే, చెప్తే ఇంతేనా అంటారు. గోరువెచ్చటి తడి గుడ్డతో రోజుకి రెండుసార్లు బుగ్గకీ కణతకీ పావుగంట కాపడం. కొన్నాళ్లు మెత్తటి తిండి, నెల్లూరు జిల్లాలో దానికేం కరువు, మెత్తగా వండిన అన్నం, పప్పు, ముల్లు తీసిన చేపల పులుసు. తేగలు, చెరకు, చిక్కీ, ఎండు కొబ్బరి, చూయింగ్ గమ్, నల్లి ఎముకలు బంద్. అలాగని నెలల తరబడి జావ తాగుతూ కూర్చోకూడదు, కండరం వాడకపోతే ఇంకా బిగుసుకుంటుంది. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడటం, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గంటలు గంటలు కూర్చోవడం, బోర్లా పడుకోవడం, గోళ్లు కొరకడం, దారం పళ్లతో తెంచడం, ఇవన్నీ మానాలి. మిషన్ కుట్టే మా వదినకి చివరిది చెప్తే "కత్తెర వెతుక్కునే లోపల జాకెట్ అయిపోతుంది లే" అంది.

వ్యాయామాలు కూడా తేలికైనవే. నాలుక కొన అంగిట్లో ఆనించి, అది ఊడిపోనంత వరకే నోరు తెరిచి మూయడం, అద్దంలో చూసుకుంటూ గడ్డం నిటారుగా దిగేలా తెరవడం, బుగ్గ కండరాన్ని వేళ్లతో గుండ్రంగా రుద్దడం. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే ఇంట్లో చేసుకోవచ్చు, మెడ, భుజాలు కూడా చూస్తారు, రోజంతా కంప్యూటర్ ముందు తల ముందుకి చాచి కూర్చునేవాళ్లకి అది ముఖ్యం. నొప్పి బిళ్లలు కొద్ది రోజులే ఇచ్చారు, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. నొప్పి బాగా పాతదైన వాళ్లకి అమిట్రిప్టిలిన్ అనే మందు చిన్న మోతాదులో రాత్రిపూట ఇస్తుంటారు. నాతో పాటు లైన్‌లో కూర్చున్న ఒకావిడకి అదే రాశారు, మెడికల్ షాపు అబ్బాయి "ఇది డిప్రెషన్ మందక్కా" అన్నాడని బెదిరిపోయి మళ్లీ లోపలికి వచ్చింది. చిన్న మోతాదులో అది నరాల నొప్పికీ కండరాల నొప్పికీ వాడతారు, పిచ్చి అని ఎవరూ అనలేదు.

రాత్రి పెట్టుకోవడానికి స్ప్లింట్ ఒకటి చేసిచ్చారు. పళ్లకి అచ్చు తీసి, గట్టి అక్రిలిక్‌తో, ఒక వరస పళ్లన్నీ కప్పేలా చేస్తారు. మింగుడు పడని విషయం ఏమిటంటే, అది పళ్లు కొరకడాన్ని ఆపదు. పళ్లు అరగకుండా కాపాడుతుంది, కొందరికి దవడ మీద భారం తగ్గుతుంది. నాకు పొద్దుటి బిగుతు బాగా తగ్గింది, అందరికీ తగ్గుతుందని చెప్పలేను. ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్లలో ముంచి కొరికే మెత్తటి రబ్బరు రకాలు కొందరిలో ఇంకా ఎక్కువ బిగించేలా చేస్తాయి. ముందు పళ్లకి మాత్రమే తగిలేవి ఎక్కువ కాలం వాడితే పళ్ల వరస కదిలిపోవచ్చు కూడా.

పళ్లు అరిగించడం, క్యాపులు, ఈ గొడవంతా ఎక్కడి నుంచి వచ్చిందా అని తర్వాత చదివాను. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టర్, వెనక పళ్లు పోయిన వాళ్లలో దవడ ఎక్కువగా మూసుకుని కీలు మీద ఒత్తిడి పడుతుందని, చెవి బాధలు దాని వల్లేనని రాశాడు. అప్పటి నుంచి దశాబ్దాల పాటు పళ్ల పొందిక సరిచేస్తే దవడ బాగవుతుందన్న నమ్మకం పాతుకుపోయింది. తర్వాతి పరిశోధనల్లో పళ్ల పొందికకీ ఈ నొప్పికీ సంబంధం బలహీనమని తేలింది, కానీ పాత అలవాటు అంత తొందరగా పోదు. ఆపరేషన్ల కథ ఇంకా దారుణం. 1980లలో అమెరికాలో డిస్క్ తీసేసి దాని చోట టెఫ్లాన్ కలిసిన ఇంప్లాంట్లు పెట్టారు. అవి నలిగి ముక్కలై, ఒళ్లు వాటి మీద తిరగబడి చుట్టూ ఉన్న ఎముక కరిగిపోయింది, చివరికి మందులనీ వైద్య పరికరాలనీ అదుపు చేసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డిఏ 1990ల మొదట్లో వాటిని వెనక్కి రప్పించింది. ఒట్టి నొప్పితో వెళ్లి ముఖం పాడు చేసుకుని వచ్చిన వాళ్లు ఎందరో. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పాత దవడ నొప్పి మీద మార్గదర్శకాలు వచ్చాయి, అందులో గట్టిగా సిఫారసు చేసినవి దవడ వ్యాయామాలు, ఫిజియో చేతి వైద్యం, టెన్షన్‌ని, నొప్పి గురించిన ఆలోచనలని సరిదిద్దే సిబిటి లాంటి కౌన్సెలింగ్, ఇంట్లో చేసుకునే జాగ్రత్తలు. గట్టిగా వద్దన్న వాటిలో పళ్ల పొందికని శాశ్వతంగా మార్చేసే స్ప్లింట్లు, డిస్క్ తీసేసే ఆపరేషన్ ఉన్నాయి. రాత్రిపూట పెట్టి తీసే మామూలు స్ప్లింట్ గురించి కూడా వాళ్లకి పెద్ద ఉత్సాహం లేదు, నాకు పనిచేసింది కాబట్టి నేను వాడుతున్నాను, అంతే.

ఆపరేషన్ ఎవరికీ అక్కర్లేదని కాదు. డిస్క్ అడ్డం పడి నోరు తెరుచుకోని వాళ్లకి కీలులోకి సూదులు పెట్టి సెలైన్‌తో కడుగుతారు, ఆర్థ్రోసెంటెసిస్ అంటారు, ముఖం, దవడల ఆపరేషన్లు చేసే మాక్సిల్లోఫేషియల్ సర్జన్ చేస్తారు, అది చిన్న పనే. ఎముక అతుక్కుపోయిన వాళ్లకి పెద్ద ఆపరేషన్ తప్పదు. అతుక్కుపోవడం ఎక్కువగా చిన్నప్పటి దెబ్బల వల్ల వస్తుంది, ఇది పిల్లలున్న వాళ్లు చదవాలి. పిల్లాడు అరుగు మీద నుంచో సైకిల్ మీద నుంచో గడ్డం మీద పడతాడు, గడ్డానికి నాలుగు కుట్లు వేయించి ఇంటికి తెస్తాం. దెబ్బ గడ్డానికి తగిలినా ఒక్కోసారి విరిగేది చెవి ముందు ఎముక. పైకి ఏమీ కనపడదు, నొప్పని వాడు నోరు కదపడు, కదపకపోతే కీలు మెల్లగా అతుక్కుపోవచ్చు, అతుక్కుంటే తర్వాత ఆ దవడ సరిగా పెరగదు, ముఖం ఒక పక్కకి పోతుంది. గడ్డం పగిలిన పిల్లలకి కుట్లతో పాటు చెవి ముందు కూడా చూడమని అడగండి.

నోరు తెరుచుకోకపోవడానికి మన వైపు ఇంకో పెద్ద కారణం ఉంది, దాన్ని దవడ కీలు నొప్పి అనుకుని తిరిగేవాళ్లు ఉంటారు. గుట్కా, వక్క నమిలేవాళ్లకి బుగ్గల లోపల తెల్లబారి, తాళ్లలా గట్టిపడి, కూరలో కాస్త కారం తగిలితే నోరంతా మండుతుంది, మెల్లమెల్లగా నోరు చిన్నదవుతుంది. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. అది కీలు జబ్బు కాదు, కాపడాలకీ స్ప్లింట్లకీ లొంగదు, క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. మా గోడౌన్‌కి మేత లారీలతో వచ్చే కుర్రాళ్లలో ఒకడికి చెప్తే "పొగాకు లేదు మేడమ్, ఉత్త వక్కే" అన్నాడు. ఈ జబ్బుకి ఉత్త వక్క చాలు.

ఇంకొకటి కూడా చెప్పి తీరాలి. మెట్లెక్కుతుంటేనో బరువు ఎత్తుతుంటేనో కింది దవడలో నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గిపోతుంటే, దాంతో చెమటలు, ఆయాసం, గుండె బరువు ఉంటే అది పళ్ల డాక్టర్ పని కాదు, నేరుగా గుండె డాక్టర్ దగ్గరికే. అలాగే ఆవులిస్తే దవడ జారిపోయి నోరు తెరిచినట్టే ఉండిపోతే ఎవరో చెంప మీద కొట్టి సరిచేస్తామంటే ఒప్పుకోవద్దు. డాక్టర్ బొటనవేళ్లకి గుడ్డ చుట్టుకుని వెనక పళ్ల మీద పెట్టి కిందికి, వెనక్కి నొక్కి కూర్చోబెడతారు.

ఇరవై నుంచి నలభై ఏళ్ల ఆడవాళ్లలో ఈ నొప్పి ఎక్కువంటారు, నేను చూసిన లైన్‌లో కూడా వాళ్లే ఎక్కువ. కానీ మగవాళ్లు చూపించుకోవడానికి రారేమో అని నా అనుమానం. మా దగ్గర మేత తీసుకునే ఒక పెద్దాయన ఉన్నాడు, రాత్రిళ్లు కరెంటు పోతే ఏరియేటర్లు ఆగి చెరువులో రొయ్యకి ఆక్సిజన్ అందదని, జెనరేటర్ పక్కనే మంచం వేసుకుని పడుకుంటాడు. ఒకసారి నా స్ప్లింట్ డబ్బా చూసి ఇదేందమ్మాయ్ అని అడిగితే చెప్పాను, నోరు తెరిచి చూపించాడు, వెనక పళ్లు అరిగి చదునుగా పలకల్లా ఉన్నాయి. "మా ఆవిడ నేను పళ్లు కొరుకుతున్నానని వేరే గదిలో పడుకుంటోంది" అని నవ్వాడు. నెల్లూరు వెళ్లి చూపించుకోమంటే ఈ పంట అయ్యాక చూద్దాంలే అన్నాడు. ఆ పంట అయిపోయింది, ఇంకో పంట కూడా వేశాడు.

నాకు ఎడమవైపు టక్కుమనడం ఇంకా ఉంది. నొప్పి మాత్రం మార్చి నెలలో కాస్త తల ఎత్తుతుంది, అప్పుడు స్టిక్కర్ మళ్లీ అంటిస్తాను. స్ప్లింట్ చేయించుకున్నవాళ్లు దాన్ని వేడినీళ్లతో కడగొద్దు, వంకర పోతుంది. బ్రష్షు, చల్లనీళ్లు చాలు. కాగితంలో చుట్టి పెట్టొద్దు, మా ఇంట్లో ఒకసారి చెత్తలో పడి, డబ్బా తిరగేసి వెతకాల్సి వచ్చింది. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ దాన్ని వెంట తీసుకెళ్లండి, పళ్లు ఎక్కడ గట్టిగా తగులుతున్నాయో చూసి అక్కడ కొంచెం గీకి సరిచేస్తారు. గీకాల్సింది ఆ ప్లాస్టిక్‌ని, మీ పళ్లని కాదు.